లాగితే బిగిసే వల

ఆ గుర్రాల శాలలో అల్లుడికి అప్పగించిన పని ఒక్కటే, కుర్చీలో కూర్చోవడం.

కుర్చీకి వంక పెట్టడానికి లేదు. వాకిట్లో నీడపట్టున వేసిన చేతుల కుర్చీ. పొద్దున్నే అత్తగారు స్వయంగా తెచ్చి, గుడ్డతో దులిపి మరీ వేస్తుంది. "కూర్చోండి అల్లుడుగారూ, నిలబడితే కాళ్ళు లాగుతాయి" అంటుంది. అని, తను పార పట్టుకుని పేడ ఎత్తడానికి వెళుతుంది. ఆవిడ కాళ్ళు మాత్రం లాగవు కాబోలు అనుకుంటూ అతను కూర్చుంటాడు. లేచి సాయం పట్టబోతే "మీకెందుకండీ ఈ కంపు" అని చేతిలోది లాక్కుంటుంది.

ఆ శాలలో ఆవిడ "మీరు" అని మన్నించేది ఇద్దరినే. ఒకరు పశువుల డాక్టరు, ఇంకొకరు అల్లుడు. డాక్టరుకు దానివల్ల ఇబ్బంది లేదు, వచ్చిన పని చూసుకుని వెళ్ళిపోతాడు. అల్లుడు ఎక్కడికి వెళతాడు? మిగిలిన వాళ్ళందరినీ, అంటే కూతుర్నీ, నాడాలు కొట్టే మనిషినీ, మూడు గుర్రాలనీ ఆవిడ నోరారా తిట్టుకుంటుంది. ఆ తిట్లు వినపడినప్పుడల్లా అతనికి లోపలెక్కడో ఈర్ష్యగా ఉండేది.

అతనిది వలలు అల్లే ఇల్లు. చేపల వలలు, ఆటస్థలాల చుట్టూ కట్టే వలలు, లారీల్లో సరుకు మీద కప్పే వలలు, ఏది కావాలన్నా అల్లి ఇస్తారు. దుకాణం అన్నయ్య చూసుకుంటాడు. భార్య పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పుతుంది. గుర్రాలను వదిలి ఆమె రాలేదు కాబట్టి పెళ్ళయ్యాక అతనే ఇల్లరికం వచ్చాడు. ఇల్లరికం అల్లుడంటే పదిమంది నవ్వుతారని అతనికి తెలుసు. నవ్వుకు సిద్ధపడే వచ్చాడు. కుర్చీకి సిద్ధపడి రాలేదు.

ఈ సంగతి ఎలా తెలిసిందో గాని అన్నయ్య ఫోన్ చేశాడు. "ఖాళీగా కూర్చోడానికి అంత దూరం ఎందుకురా? నెలాఖరుకు వ్యాన్ వేసుకుని అటు వస్తున్నాను. ఎక్కెయ్. ఇక్కడ చేతినిండా పని ఉంది."

అతను ఆ మాట భార్యకు చెప్పినప్పుడు ఆమె పెద్ద గుర్రానికి మాలీసు చేస్తోంది.

"వెళితే అక్కడే ఉండాల్సొస్తుంది," అన్నాడు. "ఆదివారాలు వస్తాను."

"మంచిదేగా. డాక్టరు కంటే తరచుగానే వస్తావు," అంది ఆమె.

వేళాకోళంగానే అంది. అని, ముఖం అటు తిప్పుకుని గుర్రం వీపు మీద ఒకే చోట బ్రష్షుతో రుద్దుతూ ఉండిపోయింది. చివరికి ఆ గుర్రమే మెడ తిప్పి, ఏమైంది నీకు అన్నట్టు చూసింది.

"నాకు వెళ్ళాలని లేదు," అన్నాడు అతను. "మీ అమ్మ ఏదో ఒక పని ఇస్తే చాలు."

"అడగరాదూ?"

"అడిగాను. కుర్చీలో దిండు వేసింది."

ఆమెకు నవ్వాగలేదు. అతనికి మాత్రం నవ్వు రాలేదు. నెలాఖరు దగ్గర పడుతోంది.

ఆ మాలీసు చేయించుకుంటున్న పెద్ద గుర్రం పేరు దొరసాని. పేరుకు తగ్గ నడక, పేరుకు తగ్గ అలకలు. దానికి కొన్నాళ్ళుగా దగ్గు పట్టుకుంది. మూడు గదుల్లోనూ గడ్డి వేయడానికి గోడలకు ఇనప చట్రాలు ఉన్నాయి. అవి బిగించింది పోయిన మామగారు. ఆయన ఎంత పొడుగు మనిషో ఇల్లు చూస్తే తెలిసిపోతుంది. అద్దంలో ముఖం చూసుకోవాలంటే అత్తగారు పీట ఎక్కాలి. కొక్కేనికి తాళం తగిలించాలంటే కూతురు మునివేళ్ళ మీద లేవాలి. "తన ఎత్తే లోకం ఎత్తు అనుకున్నాడు మహానుభావుడు" అని అత్తగారు రోజూ విసుక్కుంటుంది గాని ఒక్క మేకునూ కదపనివ్వదు.

గుర్రాల చట్రాలదీ అదే వరస. దొరసాని మెడ సాచి పైనుంచి గడ్డి లాక్కుంటే, దాని వెనకే దుమ్మూ ధూళీ కళ్ళలోకి, ముక్కులోకి రాలేది. డాక్టరు వచ్చి చూసి, "గుర్రం తల వంచి మేసే జంతువమ్మా. దీనిచేత చుక్కలు లెక్కపెట్టిస్తున్నారేమిటి? కింద వెయ్యండి" అన్నాడు.

కింద వేశారు. దగ్గు సంగతి తేలకముందే గడ్డి సంగతి తేలిపోయింది. నడిమి గదిలో ఉండే రెండో గుర్రం తుంటరికి తినేటప్పుడు ముందు కాలితో నేల గీరే అలవాటు. తిన్నదాని కంటే తొక్కింది ఎక్కువ. చివరి గదిలోని మూడో గుర్రం సన్యాసి కడుపు నిండగానే మిగిలిన గడ్డిని పరుపు చేసుకుని పడుకునేవాడు. దొరసాని అయితే తన కాలు తగిలిన పోచను తానే ముట్టదు. కింద పరిచిన రంపపు పొట్టులో కలిసి, తడిసి, పొద్దున్నే పేడతోపాటు గడ్డి కూడా పారకెక్కేది.

"సగం గడ్డి పెంటకుప్పకే పెడుతున్నాను," అంది అత్తగారు బండి తోసుకుంటూ. "అదొక్కటే బాగా ఒళ్ళు చేసింది ఈ ఇంట్లో."

ఆ రోజు నాడాలు కొట్టే మనిషి కూడా వచ్చాడు. ఆయన ఈ ఇంటికి చుట్టమేమీ కాదు గాని అత్తగారిని అక్కా అంటాడు కాబట్టి ఆవిడ కూతురికి మావయ్య, ఆ వరసన ఇతన్ని అల్లుడూ అంటాడు.

అల్లుడు కుర్చీలోంచి గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యా, నేనొక వల అల్లి ఇవ్వనా?"

"దేనికండీ?"

"గడ్డి అందులో నింపి కడదాం. కింద పడదు, తొక్కవు."

"గడ్డి ఎక్కడికీ ఈదుకుంటూ పోదు అల్లుడుగారూ."

"అల్లనీ అక్కా," అన్నాడు నాడాల మావయ్య, సన్యాసి కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్ట చెక్కుతూ. "ఊరికే కూర్చుంటే ఈ కుర్చీనే ఎప్పుడో అల్లేస్తాడు."

"సరే, సరదా పడుతున్నారు. అల్లండి," అంది అత్తగారు, చంటిపిల్లాడికి బొమ్మ ఇచ్చినట్టు.

బొమ్మయితేనేం, చేతికి పని దొరికింది. అతను గట్టి తాడు తెచ్చుకుని, సూది పట్టుకుని, సాయంత్రానికల్లా ఒక సంచీ వల అల్లేశాడు. భార్య పక్కన కూర్చుని, అతని వేళ్ళు అంత వడిగా ఆడటం మొదటిసారి చూసి, అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆమె చూస్తోందని అతను మరీ వడిగా అల్లాడు. అక్కడే వచ్చింది తంటా.

వాళ్ళ ఇంట్లో సూది పట్టిన ప్రతివాడికీ మొట్టమొదట నేర్పే మాట, లాగితే బిగియాలి. వల అల్లడం పూర్తయ్యాక తండ్రి దాన్ని కాలికింద తొక్కిపెట్టి రెండు చేతులా లాగి చూసేవాడు. ఎంత లాగితే అంత మూసుకుంటే శభాష్ అనేవాడు. ఏమాత్రం వదులైనా మళ్ళీ మొదటినుంచి అల్లాల్సిందే. అతని వేళ్ళకు అది ఒంటబట్టి పోయింది. తల వద్దన్నా చేతులు మానవు. అందుకే ఈ వలకూ కళ్ళన్నింటిలోంచి ఒక తాడు పోనిచ్చి, కొసను గోడ కడియానికి కట్టాడు. గడ్డి దట్టించి దొరసాని ఛాతీ ఎత్తున వేలాడదీసి, ఆ పూట కడుపునిండా అన్నం తిని పడుకున్నాడు.

తెల్లవారుతూనే ధన్ ధన్ మని చప్పుడు. దొరసాని తలుపు తన్నుతోంది. అందరూ పరిగెత్తారు. వల గోడకు రాతిగుండులా బిగుసుకుపోయి ఉంది. గుర్రం లాగినకొద్దీ తాడు బిగిసింది, తాడు బిగిసినకొద్దీ కళ్ళు మూసుకున్నాయి, కళ్ళు మూసుకున్నకొద్దీ అది ఇంకా లాగింది. అత్తగారు ఆ ఉండను వేలితో తట్టి చూసింది.

"మీ పనితనానికి వంక పెట్టలేం అల్లుడుగారూ. ఒక్క పోచ తప్పించుకోలేదు."

దొరసాని అతనికి వీపు తిప్పి గోడకేసి చూస్తూ నిలబడింది. కింద గడ్డి వేసినా వెంటనే తినలేదు. అది తినడం మొదలుపెట్టేదాకా అతను గది బయట నేరస్థుడిలా నిలబడ్డాడు.

ఆ కబురు నాడాల మావయ్యకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఇన్నాళ్ళూ చేపలు నోరులేనివి కాబట్టి సరిపోయింది అల్లుడూ. గుర్రం కాబట్టి తలుపు తన్ని మరీ చెప్పింది."

భార్య మాత్రం చాటుకు పిలిచి, "కొంచెం తక్కువ బాగా అల్లు" అంది.

తక్కువ బాగా అల్లడం అతనికి చాలా కష్టమైంది. దొరసాని మూతిని చేత్తో కొలిచి, దాని పెదవులు దూరేంత కన్ను వేసి, కదలని ముళ్ళతో రెండో వల అల్లాడు. లాగితే బిగియదు, పాలివ్వనన్న ఆవులా అలాగే ఉంటుంది. డాక్టరు మాట గుర్తు పెట్టుకుని ఈసారి మోకాలి ఎత్తున కిందికి కట్టాడు. దొరసాని మొదట వాసన చూసింది, అనుమానించింది, తర్వాత ఒక పోచ లాగింది. పోచ వచ్చింది. ఇంకొకటి లాగింది. తల వంచుకుని, మెల్లగా, కులాసాగా తినసాగింది. రెండు మూడు రోజులకే దగ్గులో జోరు తగ్గింది. కింద గడ్డి పడటమే లేదు.

అత్తగారు ఏమీ అనలేదు. అనకపోవడమే మెచ్చుకోలు అనుకుని అతను పొంగిపోయాడు. పొంగిపోయి, ఎవరినీ అడక్కుండా అలాంటిదే ఇంకొకటి అల్లి తుంటరి గదిలో కట్టాడు.

తుంటరి తినేటప్పుడు ముందు కాలితో గీరుతాడని ముందే చెప్పాను. గీరాడు. కాలు వలలో దూరింది. వెనక్కి లాక్కోబోతే నాడా వెనక కొస తాడుకు తగులుకుంది. మూడు కాళ్ళ మీద నిలబడిన గుర్రానికి భయం పుడితే ఆ గది ఎంత ఇరుకైపోతుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. భార్య తలదగ్గరకు దూకి పగ్గం పట్టుకుంది. అత్తగారు భుజంతో గుర్రాన్ని గోడకు ఆనించి, గుమ్మంలో కొయ్యబారిపోయిన అల్లుడి కేసి చూసింది.

"ఒరేయ్, చూస్తావేంరా? నీ జేబులో కత్తి ఉంటుందిగా, లోపలికి రా. దాని కడుపు కింద దూరకు, పక్కనుంచి రా. కొయ్యి."

అతను దూరి, వంగి, తాను అల్లిన వలను తానే నాలుగు చోట్ల కోశాడు. కాలు ఊడి వచ్చింది. తుంటరి కాలు దించి, ఒళ్ళు విదిల్చి, ఏమీ జరగనట్టు కింద రాలిన గడ్డి తినసాగాడు. గిట్ట పైన కొంచెం వెంట్రుక లేచింది, అంతే. మిగిలిన ముగ్గురికీ మాత్రం చాలాసేపటిదాకా ఊపిరి కుదుటపడలేదు.

అత్తగారు తిట్టలేదు. వేళాకోళమూ చేయలేదు. గుర్రం కాలును మళ్ళీ మళ్ళీ తడిమి చూసి, కోసిన వల చుట్టి చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"అన్నయ్యతో వెళ్ళిపోతాను," అన్నాడు భార్యతో. "నావల్ల ఇక్కడ గుర్రం కుంటిదయ్యేది."

"గుర్రం కాలు బాగానే ఉంది. నీ కాలే గడప దాటతానంటోంది." ఆమె గొంతులో ఈసారి వేళాకోళం లేదు. "భయపడ్డావని వెళతానంటే వెళ్ళు. పని లేదని మాత్రం అనకు."

మధ్యాహ్నం అతను గోడవారన కూలబడి ఉండగా అత్తగారు వచ్చి, బోర్లించిన బాల్చీ మీద కూర్చుంది. కోసిన వల ఇంకా చేతిలోనే ఉంది.

"దొరసాని ఇవాళ దగ్గిందా?"

"వినలేదు అత్తయ్యా."

"నేనూ వినలేదు. అందుకని ఇది మానెయ్యడానికి లేదు. నాడా ఉన్న గుర్రానికి కింద వల కట్టకూడదని నాకు తెలుసు, దొరసాని కాలెత్తదని ఊరుకున్నాను. తుంటరి గదిలో కట్టేముందు నువ్వు అడగలేదు, నేను చూడలేదు. తప్పు చెరి సగం. ఇప్పుడు ఇంకోటి ఆలోచించు."

నువ్వు అన్నదని అతను గమనించాడు. గమనించినట్టు కనపడితే ఎక్కడ వెనక్కి తీసుకుంటుందోనని వల కేసే చూస్తూ, "తొట్టిలో వేస్తే?" అన్నాడు.

"మా నాన్న తొట్టిలోనే వేసేవాడు. ముక్కుతో మొత్తం బయటికి ఎగజిమ్మేవి. వాటికి బాగున్న పోచ ఎప్పుడూ అడుగునే ఉంటుంది."

"తొట్టి మీద వల బిగిద్దాం."

"గడ్డి తగ్గితే మూతి అందొద్దూ? ఆకలితో వలని నాకుతూ కూర్చుంటుంది."

"తొట్టికి బిగించను. చెక్క చట్రానికి వల అల్లి, చట్రాన్ని గడ్డి మీద వదులుగా పడేస్తాను. గడ్డి తగ్గేకొద్దీ చట్రమూ దిగుతుంది."

ఆవిడ లేచి, తుంటరి పక్కన నిలబడి, దాని మోకాలి పైన అరచెయ్యి అడ్డంగా పెట్టింది. "తొట్టి అంచు ఇంతకు తగ్గకూడదు. వీడు కాలెత్తినా లోపల పడకూడదు. గది మూలలో రెండు గోడలకూ కలిపి కట్టు, తోసెయ్యకుండా. మూలలు గుండ్రంగా చెక్కు. మేకు తల ఒక్కటి బయట కనపడిందా, నిన్నే అందులో పడేసి మేపుతాను."

అంత తియ్యటి తిట్టు అతను ఈ ఇంట్లో వినలేదు.

పాత తలుపు ఒకటి విప్పి మొదటి తొట్టి దొరసాని గదిలో కట్టాడు. చట్రం మీద వల అల్లేటప్పుడు చేతులు పాత అలవాటుకు పోతుంటే, భార్య పక్కన కూర్చుని "బిగించకు, బిగించకు" అని గుర్తు చేస్తూ ఉంది. దొరసాని తల తొట్టిలోకి వంచి తిన్నది. దుమ్ము కళ్ళలోకి రాలలేదు, పోచ బయటికి రాలేదు. నాడాల మావయ్య వచ్చి తొట్టిని తన్ని చూశాడు, అంచు తడిమి చూశాడు, వంక దొరక్క నొచ్చుకున్నాడు.

ఆయన ముచ్చట తుంటరి తీర్చాడు. రెండో తొట్టి పెట్టిన రోజే చట్రం అంచును పళ్ళతో పట్టి, పైకెత్తి, తలుపు మీదుగా వాకిట్లోకి విసిరేశాడు. అది వెళ్ళి పెంటబండిలో పడింది.

"అల్లుడూ, వీడు వల విసరడం కూడా నేర్చుకున్నాడు," అన్నాడు మావయ్య.

చట్రానికి నాలుగు మూలలా పొట్టి గొలుసు ముక్కలు తగిలించి తొట్టి అడుగుకు కట్టాక గాని తుంటరి ఆట కట్టలేదు. ఆ తరవాత పెంటబండిలో గడ్డి రావడం బాగా తగ్గింది. సన్యాసికి మాత్రం ఇంకా తొట్టి కట్టలేదు, చెక్క అయిపోయింది. వాడు ఇంకా పరుపు మీదే పడుకుంటున్నాడు.

ఇంతలో నెలాఖరు వచ్చింది. అన్నయ్య వ్యాన్ వాకిట్లో ఆగింది. ముందు సీటు మీద సామాన్లు తీసి, దులిపి, తమ్ముడి కోసం ఖాళీ చేసి పెట్టుకుని మరీ వచ్చాడు. దిగి చూస్తే తమ్ముడు లేడు. లోపల్నుంచి అత్తగారి గొంతు మాత్రం వినపడుతోంది. "ఆ మూల ఎవరు ఊడుస్తార్రా, మీ అన్నయ్యా?"

అన్నయ్య ఉలిక్కిపడి లోపలికి తొంగి చూశాడు. తమ్ముడు జుట్టునిండా గడ్డితో, పార పట్టుకుని, పళ్ళికిలిస్తూ కనిపించాడు.

"ఇదేమిట్రా అవతారం?"

"పనిలో ఉన్నాను అన్నయ్యా, కాసేపాగు."

అన్నయ్యకు నమ్మకం కుదరలేదు. దొరసాని తొట్టి దగ్గరకు వెళ్ళి వలను అలవాటుగా రెండు చేతులా లాగి చూశాడు. వల బిగియలేదు. ముఖం మాడ్చుకుని, "నాన్న చూస్తే ఏమంటాడు?" అన్నాడు. దొరసాని తల ఎత్తి అతని చొక్కా మీద నిండుగా తుమ్మి, మళ్ళీ తినడంలో పడింది.

"దానికి నచ్చింది బాబూ, మీ నాన్నగారికి అది సర్ది చెప్పుకుంటుంది," అంది అత్తగారు బయటికి వస్తూ, చేతులు కడుక్కుంటూ. "మీరు మా వాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చారని మా అమ్మాయి చెప్పింది. కుదరదు. ఇంకో తొట్టి ఉంది. అవతల వీధి శాల వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు, వాళ్ళకీ కావాలట. వీడు కదలడానికి లేదు."

"మరి నేను ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు అత్తయ్యగారూ?"

"తాడు తెచ్చారా?"

"వెనకాల కట్టలున్నాయి."

"అందుకే వచ్చారు. దించండి."

అన్నయ్య తాడు కట్టలు దించాడు. తమ్ముడు సాయం పట్టబోతే "నువ్వు పని చూసుకోరా నాయనా, మీ అత్తగారు నన్ను కూడా తిట్టేలా ఉంది" అన్నాడు. భార్య ఆ పక్కనే, పరుపు మీద పడుకున్న సన్యాసి మెడ నిమురుతూ, ఎవరికీ కనపడకుండా దాని జూలులో ముఖం పెట్టి నవ్వుకుంటోంది. అతనికి కనపడింది.

అన్నయ్య వ్యాన్ ఎక్కి తలుపు వేసుకునేసరికి అవతలి తలుపు తెరుచుకుంది. అత్తగారు ఎక్కి ముందు సీట్లో సర్దుకుని కూర్చుంది.

"దారిలో కట్టెల అడితి దగ్గర దింపండి బాబూ. చెక్కలు చూసుకోవాలి. ఈ సీటు ఎలాగూ ఖాళీయేగా." అని కిటికీలోంచి తల బయటపెట్టి అల్లుణ్ణి కేకేసింది. "నేనొచ్చేలోగా సన్యాసిని పరుపు మీంచి లేపి గది కడిగి ఉంచు. లేవకపోతే కాళ్ళు పట్టుకుని బతిమాలు. తన్నితే మాత్రం నాకు చెప్పకు."

వ్యాన్ కదిలింది. అతను పార భుజాన వేసుకుని సన్యాసి గదిలోకి వెళ్ళాడు. సన్యాసి ఒక కన్ను తెరిచి, అతన్ని చూసి, మళ్ళీ మూసుకున్నాడు.